మా సంచికా, దాని తాళంచెవీ

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు ఫోను చేసినప్పుడు, పాత విద్యార్థిని గనక పాత కబుర్లు రాస్తాననుకున్నారు. సాఫ్ట్‌వేరు గురించి రాస్తానన్నాను. అవతలి కుర్రాడు ఒక్క క్షణం ఆగి "మీరు ఫిజిక్సు కదా సార్?" అన్నాడు. నిజమే. జూనియర్ కాలేజీలో కాంతి వక్రీభవనం చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. కంప్యూటరుతో నా పరిచయమంతా వాడుకునేవాడి పరిచయమే గాని తయారుచేసేవాడిది కాదు. ఇందులో పొరపాట్లు దొర్లితే కంప్యూటర్ సైన్సు శాఖ వారు పెద్ద మనసుతో మన్నింతురు గాక!

1998లో నేను ఇదే సంచిక కమిటీలో ఉన్నాను. అంతకు ముందు దాకా మన సంచిక సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సులోనే అచ్చయ్యేది. ఆ ఏడాది డీటీపీకి మారాం. కాలేజీ గేటు ఎదురుగా, జెరాక్సు కొట్టు మేడమీద, ఒక ఇరుకు గదిలో ఒకే ఒక్క కంప్యూటరు. దాని వెనక ప్రింటరు తీగ తగిలించే చోట అగ్గిపెట్టెంత ముక్క ఒకటి ఉండేది. అందరూ దాన్ని 'లాకు' అనేవారు. అది పీకేస్తే తెలుగు రాదు. రాత్రి కొట్టు మూసేటప్పుడు ఓనరు గల్లాపెట్టెలో డబ్బుతో పాటు ఆ లాకునీ జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. మాకదో వింత. తెలుగు భాషని జేబులో పెట్టుకుపోతున్నాడ్రా అని నవ్వుకునేవాళ్ళం.

ఆ సంచికలో నా రూమ్మేటు కూడా ఒక వ్యాసం రాశాడు. వాళ్ళ ఊరి గురించి. చివరి రోజున తెచ్చిచ్చాడు. నేను ప్రకటనల డబ్బు కోసం కొట్టుకొట్టూ తిరుగుతున్న హడావిడిలో అరసున్నలూ అక్షరదోషాలూ చూసి పంపేశాను తప్ప, మనసు పెట్టి చదివిన పాపాన పోలేదు. తరవాత చదువుదాం లే అనుకున్నాను. మన తరవాతలన్నీ ఇలాగే ఉంటాయి.

అతను 2021లో, కరోనా రెండో విడతలో పోయాడు.

ఏణ్ణర్థం కిందట వాళ్ళమ్మాయి మన కాలేజీలోనే చేరింది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, వెళ్ళేముందు గుమ్మం దగ్గర అడిగింది: "అంకుల్, నాన్న కాలేజీ పుస్తకంలో ఏదో రాశారంట కదా. మీ దగ్గరుందా?"

లేదు. నా ప్రతి ఎప్పుడో ఇళ్ళు మారడంలో పోయింది. లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క ప్రతికి సగం నుంచి చెద పట్టింది. ముందు పాతిక పేజీలు మిగిలాయి. మావాడి వ్యాసం వెనకాల ఉంది. అయితే నా దగ్గర ఆనాటి ఫ్లాపీలని ఎక్కించి దాచుకున్న సీడీ ఒకటుంది. "ఇంకేం, రెండు రోజుల్లో ఇస్తానమ్మా" అన్నాను, ఎంతో ధీమాగా.

ఫైళ్ళు పేజ్‌మేకరువి. ఆ ప్రోగ్రాము ఏడో వెర్షన్ 2001లో వచ్చింది. అదే ఆఖరు. మా కాలేజీ కంప్యూటర్లలో అది ఎక్కడుంటుంది! చివరికి లిబ్రాఫీసులో తెరుచుకుంది. 2015 నుంచి అది పాత పేజ్‌మేకరు ఫైళ్ళు చదవగలదట, డబ్బులు తీసుకోకుండానే. తెరుచుకుంది గాని అందులో తెలుగు లేదు. పేజీల నిండా అడ్డదిడ్డపు ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలున్న ఓలు, మధ్యమధ్య పౌండు గుర్తులు.

ఎందుకలా అయిందో తెలుసుకోడానికి నాకు వారం పట్టింది. ఆ రోజుల్లో ఫాంటులో అక్షరాలకి ఉన్న గళ్ళు 256కి మించవు. మన గుణింతాలూ ఒత్తులూ అందులో ఇమడవు. అందుకని తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, ఒత్తు మరో గడిలో, ఇలా ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవారు. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఎవరి కంపెనీ ఇష్టం వాళ్ళది. ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి ఫాంటులో పిచ్చిగీతలు. 1991లోనే యూనికోడ్ తెలుగుకి తనకంటూ చోటిచ్చింది. అందులో 'క' ఎక్కడైనా, ఎవరి ఫాంటులోనైనా 3093వ నంబరే. కాని మన డీటీపీ కొట్ల దాకా అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కొన్ని కొట్లకి ఇంకా రాలేదు.

ఆ ఫాంట్లు అమ్మిన కంపెనీకి ఫోను చేశాను. పేరెందుకు గాని, ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ వెర్షన్ ఆపేశారట. కొత్తది కొనుక్కుంటే పాత ఫైళ్ళు వస్తాయా అంటే, హామీ ఇవ్వలేమన్నారు. పాత లాకులకి ఇప్పటి కంప్యూటర్లలో తగిలించే చోటే లేదు. నేను రాయించుకున్న అక్షరాలు, నా స్నేహితుడి మాటలు, మేం డబ్బిచ్చి కంపోజు చేయించుకున్నవి, తాళంచెవి మాత్రం ఇంకెవరి జేబులోనో!

అప్పుడే నాకు స్టాల్‌మన్ గారి గోడు అర్థమైంది. 1980 ప్రాంతంలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో లేజరు ప్రింటరు మాటిమాటికీ ఇరుక్కుపోతుంటే, దాన్ని సరిచేద్దామని ప్రోగ్రాము మూలం అడిగితే ఇవ్వలేదట. ఆ మంటే 1983లో గ్నూ ప్రకటనగా మారింది. ఒకప్పుడు ఈ కథ విని, ప్రింటరు కోసం ఇంత రభసా అనుకున్నాను. ప్రింటరు కోసం కాదని ఇప్పుడు తెలిసింది.

అలాగని వ్యాపార సాఫ్ట్‌వేరు మీద కత్తి దూయడానికి నాకు ముఖం చెల్లదు. మా రోజుల్లో ఒక్క ప్రోగ్రామైనా డబ్బిచ్చి కొన్నామని ప్రమాణం చేయలేను. పాతిక రూపాయల దొంగ సీడీయే మా ఓపెన్ సోర్సు. 1976లోనే బిల్ గేట్స్ ఔత్సాహికుల మీద విసుక్కుంటూ బహిరంగ లేఖ రాశాడు, తమ బేసిక్ ప్రోగ్రాముని కొనకుండా కాపీ కొట్టుకుంటున్నారని. మేమూ ఆ బాపతే. పైగా, 'ఫ్రీ' అంటే ఊరికే అని మనకి అలవాటైపోయింది. ఆ ఉద్యమం వాళ్ళు చెప్పేది స్వేచ్ఛ గురించి సుమా, ధర గురించి కాదు. ఇంకో మాట. తెలుగు ఫాంట్లు గీయడానికి ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ పెద్దగా ముందుకు రాని రోజుల్లో, ఆ చిన్న కంపెనీలే కళాకారుల్ని పెట్టి గీయించాయి. పెళ్ళి శుభలేఖ మీద ఇప్పటికీ మనకి అందంగా కనిపించేవి ఆ అక్షరాలే. వాళ్ళు అడిగిన డబ్బు న్యాయమైనదే. నా పేచీ డబ్బుతో కాదు, గడుల పట్టికని రహస్యంగా ఉంచడంతో.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో మాత్రం అంతా అమృతమేనా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగదారి తవ్వినట్టు తేలింది. లోకమంతా వాడుకునే దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది, అలసిపోయిన స్వచ్ఛంద సేవకుడు ఒక్కడు. సాయం చేస్తానంటూ వచ్చినవాడే కన్నం వేశాడు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఒక ఇంజనీరు తవ్వి చూస్తే బయటపడింది. మూలం తెరిచి ఉండబట్టే చూడగలిగాడు, ఒప్పుకుంటాను. ఆయనకా అర సెకను పట్టకపోతే? అందరిదీ అయిన పని ఎవరిదీ కాకపోవడం మన ఊరి చెరువుల దగ్గర చూడని వాళ్ళెవరు!

సరే, మా కథకి వస్తాను. మన కాలేజీ ఎం.సి.ఏ. కుర్రాడొకడు దారి చెప్పాడు. లైబ్రరీ ప్రతిలో పాతిక పేజీలు మిగిలాయి కదా, వాటి ఫైళ్ళూ సీడీలో ఉన్నాయి. అచ్చులో 'క' ఉన్నచోట ఫైలులో ఏ గుర్తుందో చూసుకుంటూ పోతే పట్టిక మనమే తయారుచేసుకోవచ్చు. రోజూ సాయంత్రం ఇద్దరం కూచున్నాం. ప్రిన్సిపాల్ గారి సందేశం, అధ్యక్షుని మాట, క్రీడా విభాగం నివేదిక. ఎన్నడూ ఎవరూ చదవని ఆ పేజీలని మేం అక్షరం అక్షరం చదివాం. మూడు వారాలకి నూట ఎనభై గుర్తులు దొరికాయి. మార్చే ప్రోగ్రాము ఆ కుర్రాడే రాసి, పట్టికతో సహా ఎవరైనా తీసుకునేలా నెట్‌లో పెట్టేశాడు. నాకైతే ఏదైనా పుచ్చుకోమని చెప్పాలనిపించింది గాని, అతని ముఖం చూసి ఊరుకున్నాను.

మావాడి వ్యాసం వచ్చింది. ఒక్క గుర్తు తప్ప. అది మిగతా పేజీల్లో ఎక్కడా రాలేదు. "సెలవులకి ఊరెళ్తే ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకు ఎదురొచ్చేది –ాన్సీయే. నా అడుగుల చప్పుడు దానికే తెలుసు." చదివి ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. మావాడికి ఊళ్ళో ఇలాంటి వ్యవహారం ఉన్నట్టు నాలుగేళ్ళు ఒకే గదిలో ఉండీ నాకు తెలీదు. ఆ వాక్యంతో అమ్మాయికి ఎలా ఇవ్వడం? తీసేద్దామా అని కూడా అనుకున్నాం. మనసొప్పక అలాగే ఇచ్చాను.

ఆ పిల్ల నిలబడే చదివింది. అక్కడికొచ్చి ఆగి, నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "ఝాన్సీ, అంకుల్. మా నానమ్మ వాళ్ళ గేదె."

పట్టికలో ఆఖరి గడి అలా నిండింది.

ఆ వ్యాసం ఈ సంచికలో మళ్ళీ అచ్చవుతోంది. రెండూ కలిపి యూనికోడ్‌లో పంపితే, డీటీపీ ఆపరేటరు నిన్న ఫోను చేశాడు. మా సిస్టంలో అన్నీ పెట్టెల్లా కనిపిస్తున్నాయి సార్, పాత ఫాంటులోకి మార్చి పంపించండి అని. మార్చి పంపాను. ఒక ప్రతి మాత్రం యూనికోడ్‌లోనే, పట్టికతో సహా, లైబ్రేరియన్ గారికి ఇచ్చి వచ్చాను. కాగితం మీద కూడా ఒకటి తీయించి పెట్టండి అన్నారాయన. చెదమందు సంగతి నేను అడిగాను.