‘నీళ్లు కలుపుతరా?’ అని అడిగాడు మా తాత

వ్యాన్ ఎక్కకముందే మా చెల్లి వార్నింగ్ ఇచ్చేసింది. “అన్నా, అది టేస్టింగ్. ఫ్రీ కదా అని గ్లాసులు ఖాళీ చేసుకుంటూ పోకు. నిన్ను మోసే ఓపిక నాకు లేదు.”

చెల్లి అంటే మా చిన్నాన్న కూతురు. టిబిలిసిలో ఎం.బి.బి.ఎస్. నాలుగో సంవత్సరం. టిబిలిసి ఎక్కడుందో తెలీనివాళ్లు మొహమాటపడకండి, నాకూ అది అక్కడ సీటు తెచ్చుకున్నాకే తెలిసింది. లీవ్ పెడుతూ “జార్జియా వెళ్తున్నా” అంటే మా మేనేజర్ “అట్లాంటానా?” అన్నాడు. ఆ జార్జియా కాదు. కాకసస్ కొండలకీ నల్ల సముద్రానికీ మధ్య ఉన్న చిన్న దేశం ఇది. మన పిల్లలు మెడిసిన్ కోసం బాగానే వెళ్తున్నారు.

వెళ్లగానే నన్ను ఆశ్చర్యపరిచింది కొండలు కాదు, షాపుల బోర్డులు. వాళ్ల లిపిలో 33 అక్షరాలు. అన్నీ గుండ్రంగా, మెలికలు తిరిగి ఉంటాయి. దూరం నుంచి చూస్తే తెలుగేమో అనిపిస్తుంది, దగ్గరికెళ్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకో తమాషా, వాళ్ల భాషలో ‘దెదా’ అంటే అమ్మ, ‘మామా’ అంటే నాన్న. హాస్టల్లో మన కుర్రాళ్లు “మామా, ఎక్కడున్నావ్‌రా” అని అరుచుకుంటుంటే పాపం వాచ్‌మన్ ఏమనుకుంటున్నాడో!

2024 సెప్టెంబర్ చివరి వారం అది. అక్కడ ద్రాక్ష కోతల కాలం, దాన్ని ‘ర్త్వేలి’ అంటారు. టిబిలిసి నుంచి సిగ్నాగి అనే పాత ఊరికి పొద్దున తీసుకెళ్లి, ఊరు చూపించి, వైన్ తాగించి, రాత్రికి తెచ్చి దింపే టూర్ ఒకటి చెల్లి బుక్ చేసింది. ఇద్దరికీ కలిపి మన లెక్కలో 5 వేలు దాటలేదు. వ్యాన్‌లో మాతోపాటు ఒక కజక్ జంట, దుబాయ్‌లో పనిచేసే ఇద్దరు ఫిలిప్పీన్ నర్సులు, ఎవరితోనూ మాట్లాడని ఒక జర్మన్ పెద్దాయన ఉన్నారు. గైడ్ మా వయసు అమ్మాయే, మైకు పట్టుకుంటే వదలదు.

సిగ్నాగి సుమారు 110 కిలోమీటర్లు. దారిలో బదియౌరి అనే ఊళ్లో రొట్టెల కోసం ఆపారు. మన తందూరీ పొయ్యి లాంటి దాన్ని వాళ్లు ‘తోనె’ అంటారు. ఒకామె నడుము దాకా అందులోకి వంగి పిండిని లోపలి గోడకు కొడుతోంది. పడవ ఆకారంలో వేడివేడి రొట్టె. ఉప్పటి చీజ్‌తో తింటే, నిజం చెప్తున్నా, ఆ రోజు మొత్తంలో బెస్ట్ తిండి అదే.

తర్వాత బోద్బే మఠం. 4వ శతాబ్దంలో ఈ దేశానికి క్రైస్తవాన్ని తెచ్చిన సెయింట్ నీనో సమాధి అక్కడుంది. ఆమె ద్రాక్ష తీగలతో శిలువ చేసి, తన జుట్టుతోనే కట్టిందని చెప్తారు. చేతులు రెండూ కాస్త కిందికి వాలినట్టుండే ఆ శిలువ జార్జియాలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. “మా మతం కూడా ద్రాక్ష తీగ మీదే వచ్చింది” అంది గైడ్. అందరం నవ్వాం, జర్మన్ పెద్దాయన తప్ప.

సిగ్నాగి ఊరు ఫోటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. కొండ మీద ఎర్ర పెంకుల ఇళ్లు, చెక్కడాల చెక్క బాల్కనీలు, రాళ్లు పరిచిన వీధులు, కింద అలజాని లోయ, అవతల మంచు కొండలు. 18వ శతాబ్దంలో రెండో ఎరెక్లె అనే రాజు దీని చుట్టూ కోటగోడ కట్టించాడు. పొడవు నాలుగున్నర కిలోమీటర్లు, బురుజులు 23. కొండల మీంచి దోపిడీ మూకలు దిగితే చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఇక్కడికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఒక్కో బురుజుకి ఒక్కో పల్లె పేరు. అంటే ఏ ఊరివాళ్లు ఎక్కడికి పరుగెత్తాలో ముందే ఫిక్సన్నమాట. ఇప్పుడు ఆ పరుగులు వేరే రకం. ఈ ఊళ్లో పెళ్లిళ్ల ఆఫీసు 24 గంటలూ తెరిచి ఉంటుందట, అందుకే ప్రేమనగరం అంటారు. చెల్లి నావైపు అదోలా చూసి, “చూశావా, నీకు 28 వచ్చినయ్” అంది. గోడ మీద ఇంకో పది నిమిషాలు నడుద్దామనుకున్నా, ఆ మాటతో దిగేశా.

మ్యూజియంలో పిరోస్మానీ బొమ్మలున్నాయి. ఆయనది పక్కనే ఉన్న మిర్జాని. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, తాగుడు కొట్లకు బోర్డులు వేస్తూ బతికాడు. 1918లో పేదవాడిగానే పోయాడు. నల్లటి ఆయిల్‌క్లాత్ మీద వేసిన విందుల బొమ్మల్లో మనుషులు గ్లాసు పట్టుకుని ఎంత సీరియస్‌గా కూర్చుంటారంటే, తాగడం అదేదో డ్యూటీ అనిపిస్తుంది. ఎందుకో మాకు మధ్యాహ్నం తెలిసింది.

మధ్యాహ్నం మమ్మల్ని లోయలో ఒక ఇంటికి తీసుకెళ్లారు. కంపెనీ కాదు, ఇల్లే. అరుగు మీద ద్రాక్ష బుట్టలు, వాటి చుట్టూ ఈగలు, గాలి నిండా పులుపు. ఇంటాయనకు అరవై దాటుంటాయి. నెమ్మదిగా నడుస్తూ వెనక గదిలోకి తీసుకెళ్లాడు, దాన్ని ‘మరాని’ అంటారు. లోపల జాడీలూ పీపాలూ ఏమీ లేవు. నేల మీద గుండ్రటి మూతలు మాత్రమే ఉన్నాయి.

వైన్ అంతా నేల కిందే. కోడిగుడ్డు ఆకారంలో మట్టి కుండ చేసి, లోపల తేనెమైనం పూసి, మెడ దాకా పాతిపెడతారు. పేరు క్వెవ్రీ. ద్రాక్షను తొక్కి రసం, తొక్క, గింజ, కాడ అన్నీ అందులోనే వేస్తారు. బయటి నుంచి ఈస్ట్ వేయరు, తొక్క మీద ఉన్నదే పులియబెడుతుంది. తర్వాత మూతపెట్టి, మట్టితో మెత్తి, అయిదారు నెలలు వదిలేస్తారు. తెల్ల ద్రాక్షే అయినా తొక్కతో ఊరడం వల్ల వైన్ తేనె రంగులో వస్తుంది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో పెట్టింది. టిబిలిసికి దక్షిణాన తవ్వకాల్లో దొరికిన కుండ పెంకుల మీద 8 వేల ఏళ్ల నాటి వైన్ ఆనవాళ్లున్నాయని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు.

గైడ్ ఇవన్నీ చెప్తూనే ఉంది కానీ నా చెవి అక్కడ లేదు. పోయినేటి వైన్ ఇంకా మిగిలున్న చిన్న క్వెవ్రీ మూత తీసి, ఇంటాయన పొడుగు కర్రకు కట్టిన ఒక బుర్రను లోపలికి దించాడు. సొరకాయ బుర్ర. మా దగ్గర ఆనిగెపుకాయ బుర్ర అంటాం.

ఆ బుర్ర నాకు తెలుసు. మా ఇంటి వెనక గోడకు వేలాడేది.

మా తాత గౌడ్. నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో నలభై ఏళ్లు తాళ్లెక్కాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నడుముకు మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి. మండువలో మా నానమ్మ కూర్చుని తాటాకు రేకల్లో కల్లు పోసేది. 2014లో, నేను బీటెక్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు, తాత చెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము పోయింది. అప్పటి నుంచి మంచమే.

హాస్టల్లో ఫ్రెండ్స్ ఏమైందని అడిగితే నేను “బైక్ యాక్సిడెంట్” అని చెప్పాను.

ఎందుకు చెప్పానంటే... ఏమో. “మీ తాత కల్లు గీస్తాడా” అని ఎవరైనా నవ్వుతారేమోనని. నాన్న కూడా ఎప్పుడూ “వ్యవసాయం అని చెప్పు” అనేవాడు. గచ్చిబౌలిలో నాలుగొందలు పెట్టి క్రాఫ్ట్ బీర్ తాగి ఇన్‌స్టాలో స్టోరీ పెట్టినోణ్ణే నేను. కల్లు మాట వస్తే మాత్రం టాపిక్ మార్చేవాణ్ణి. ఆ అబద్ధం పదేళ్లు నడిచింది, ఎవరూ పట్టుకోలేదు.

సరే, టేబుల్ దగ్గరికొద్దాం. ముందు ర్కత్సితేలి అనే తేనె రంగు వైన్. వాసన ఎండు పండ్లలా ఉంది, తాగితే డికాషన్ లాగా నాలుకను పట్టేసింది. తర్వాత సపెరావి. ఆ మాటకు రంగు అని అర్థం, తాగాక పళ్లు చూసుకుంటే నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి. చివర్లో చాచా. వైన్ తీశాక మిగిలిన పిప్పి నుంచి కాచే సారా అది, గొంతులో దిగుతుంటే దారి తెలుస్తుంది. చెల్లి మూడింట్లోనూ ఒక్కో గుటక తాగి, లివర్ గురించి రెండు వాక్యాలు చెప్పి గ్లాసు నావైపు తోసింది.

అక్కడ గ్లాసు ఎత్తి ఊరికే తాగెయ్యకూడదు. ‘తమదా’ అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన ఏదో ఒకదాని పేరు చెప్పి నాలుగు మాటలు మాట్లాడాకే తాగాలి. శాంతి కోసం, దేశం కోసం, పిల్లల కోసం. మూడోదో నాలుగోదో, పోయినవాళ్ల కోసం. ఇంటాయన లేచి నిలబడ్డాడు, మేమూ లేచాం. ఇంకో వారంలో మాకు పెత్రమాస. ఇంట్లో పోయినోళ్ల పేరు చెప్పి కల్లు సాక పోస్తారు. నానమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

కూర్చున్నాక ఇంటాయన ఒక్కొక్కరినీ అడగడం మొదలెట్టాడు, గైడ్ ఇంగ్లిష్‌లో చెప్తోంది. “మీ తాతలు ఏం చేసేవాళ్లు?” కజక్ అబ్బాయి గుర్రాలు అన్నాడు. జర్మన్ పెద్దాయన మొదటిసారి నోరు తెరిచి, బొగ్గు గని అన్నాడు. నా వంతు వచ్చింది.

“వ్యవసాయం” అన్నాను.

“కాదు” అంది చెల్లి, నా పక్కనే కూర్చుని. “మా తాత తాటిచెట్టెక్కి కల్లు తీసేవాడు. అది చెట్టు నుంచి వచ్చే వైన్ లాంటిది. కుండలో దానంతటదే పులుస్తుంది, మీ దానిలాగే.”

నాకు చెవులు వేడెక్కాయి. దానికి మాత్రం ఏమీ కాలేదు. ఫోన్ తీసి తాటిచెట్టు ఫోటో చూపిస్తోంది. ఇంటాయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

“ఎంత ఎత్తు?”

“అయిదారు అంతస్తులు.”

“నిచ్చెన?”

“లేదు. తాడు, కాళ్లు.”

“రోజూనా?”

“రెండుసార్లు. పదేళ్ల కింద పడిపోయాడు. నడవలేడు.”

ఆయన గైడ్‌తో ఏదో చెప్పాడు, ఆ అమ్మాయి ఒక నిమిషం తర్జుమా చేయలేదు. తర్వాత, “నా ద్రాక్ష తోట నా నడుము ఎత్తే ఉంటుంది, దానికే నేను రోజూ సణుగుతాను అంటున్నాడు” అంది. అందరం ‘గౌమర్జోస్’ అని గ్లాసులెత్తాం. గెలుపు అనే అర్థముంది ఆ మాటలో. పేరు కూడా తెలియని ఒక నల్గొండ ముసలాయన కోసం జర్మన్ పెద్దాయన గ్లాసు ఖాళీ చేశాడు.

ఇక్కడ కథ తియ్యగా ముగించొచ్చు కానీ ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. “ఆ చెట్లు మీవేనా? ఇప్పుడు ఎవరు ఎక్కుతున్నారు?” చెట్లు మావి కావు, వేరేవాళ్ల పొలాల గట్ల మీదివి. ఎక్కేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. నాన్న ఎక్కనివ్వలేదు, నేను ఎక్కాలనుకోలేదు. మా రాష్ట్రంలో పడకుండా పట్టే కాటమయ్య కిట్లు ఇవ్వడం మొదలైంది కూడా ఆ 2024లోనే. తాతకు పదేళ్లు లేటు. నేను ఇదంతా చెప్పలేక “ఎవరూ లేరు” అన్నాను. ఆయన తలూపాడు. కొడుకు పోలండ్‌లో ఉన్నాడట, ఈసారి కోతలకు కూడా రాలేదట. 1985లో గోర్బచేవ్ మద్యం మీద పడ్డప్పుడు తోటలు పీకేశారు, 2006లో రష్యా వైన్ కొనడం ఆపేసి ఏడేళ్లు ఏడిపించింది. అవన్నీ దాటొచ్చిన మనిషి కొడుకు గురించి మాత్రం ఎక్కువ మాట్లాడలేదు.

టైం మూడు. మన దగ్గర నాలుగున్నర, తాత రెండోసారి చెట్టెక్కే టైం. చెల్లి వీడియో కాల్ కలిపింది.

“తాతా, ఇగో చూడు, వీళ్లు కల్లు భూమిల పాతిపెడ్తరు!”

మంచంలో కాస్త లేచి కూర్చున్నాడు తాత. నేను ఫోన్ తీసుకుని మరానిలోకి నడిచాను. ఇంటాయన వెనకే వచ్చాడు. తాతకి మైనం సంగతి చెప్పా, తొక్కల సంగతి చెప్పా. మధ్యలో ఆపి, “నీళ్లు కలుపుతరా?” అన్నాడు. నలభై ఏళ్ల వృత్తి అనుమానం అది. గైడ్ అడిగితే ఇంటాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

“కుండ ఎట్ల కడుగుతరు?”

మనిషే లోపలికి దిగి తోముతాడని చెప్పాను. తాత కాసేపు ఆలోచించాడు. “మనం పైకెక్కుడు, వాళ్లు కిందికి దిగుడు. అంతే గదా ఫరకు” అన్నాడు. తర్వాత బుర్ర చూశాడు. “అది ఆనిగెపు బుర్రనే గదరా!” అని నవ్వాడు. పళ్లు లేని ఆ నవ్వు చూసి ఇంటాయన కూడా నవ్వి, బుర్రను ఫోన్‌కు దగ్గరగా పెట్టాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలీదు. మధ్యలో నేను అక్కర్లేదనిపించింది.

నాకు ఇంకో మాట చెప్పాలనిపించింది, ఆ బైక్ యాక్సిడెంట్ సంగతి. నోటిదాకా వచ్చింది కానీ చెప్పలేదు. ఆ అబద్ధం ఆయనకు తెలీకపోవచ్చు, తెలిసీ ఊరుకుని ఉండొచ్చు. ఇప్పుడు మీకు చెప్తున్నా, ఇది ఇంటికి ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అప్పుడు చూద్దాం.

బయట వ్యాన్ హారన్ మోగుతోంది, జర్మన్ పెద్దాయన అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. చెల్లి గుమ్మంలోంచి “అన్నా, ఇంక చాలు, రా!” అంటోంది. తాత మాత్రం ఫోన్‌కు మొహం ఆనించి, “లోపలికి చూపియ్ బిడ్డా... ఇంకొంచెం వంచు. అడుగు కనవడతలేదు” అంటూనే ఉన్నాడు.