మల్లి పొట్ట కింద గడ్డ

మల్లి మా ఇంటికి చేరేసరికే రెండు ఈతలు అయిన వీధికుక్క. మొదటి ఎదకు ముందే అండాశయాలూ గర్భసంచీ తీయిస్తే ఆడకుక్కకి రొమ్ముగడ్డల బెడద దాదాపు ఉండదట. ఒకటి రెండు ఎదలు దాటాక ఆ లాభం బాగా తగ్గిపోతుందట. మల్లికి ఆ అదను అప్పటికే దాటిపోయింది. ఆడకుక్కని పెంచుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి ముందే తెలియాలి.

మల్లికి స్నానం చేయిస్తుంటే గడ్డ చేతికి తగిలింది. వెనక కాళ్ల సందులో, చివరి చన్ను పక్కన, శనగగింజంత గట్టి పలుకు. నొక్కినా మల్లి మూలగలేదు. నొప్పి లేదుగా, ఏం కాదులే అన్నారు ఇంట్లో. నాకు అక్కడే గుండె జారింది. మా పెద్దమ్మకి రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు కూడా నొప్పి లేదు.

దగ్గర్లోని పశువుల డాక్టరుకి చూపిస్తే, "కొవ్వుగడ్డమ్మా, ముసలిదైపోయింది, కదిలించకండి" అన్నారు. చేత్తో తడిమి చెప్పడమే, సూది కూడా పెట్టలేదు. వీధిలో వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందన్నారు. ఆ మాట నమ్మి వదిలేస్తే గడ్డ పగిలి, పుండై, ఈగలు ముసిరిన కుక్కల్ని మనం వీధుల్లో చూస్తూనే ఉన్నాం.

గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ పొట్ట మీద ఉన్న అయిదు జతల చన్నుల్నీ ఒక్కొక్కటే వేళ్ల మధ్య నలిపి చూశారు. తర్వాత స్కేలు పెట్టి గడ్డని కొలిచారు. "మూడు సెంటీమీటర్ల లోపే ఉందమ్మా, ఇప్పుడే తీసేద్దాం. ఈ గడ్డల్లో ఇంచుమించు సగం క్యాన్సర్లే. ఏది ఏదో చూపుతో తేలదు" అన్నారు. ముందు ఛాతీకి ఎక్స్‌రే, రెండు పక్కలా తిప్పి, వెల్లకిలా పడుకోబెట్టి. ఈ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకే రకం. అక్కడ మచ్చలుంటే ఇక్కడ కోసి లాభం లేదు. ఫిల్ము వెలుగులో పెట్టి ఆవిడ చూస్తున్నంతసేపూ నేను ఆవిడ ముఖమే చూస్తూ నిలబడ్డాను. మచ్చల్లేవు.

ఆపరేషన్‌కి ముందు రాత్రి నుంచి అన్నం పెట్టొద్దన్నారు. పొద్దున్నే మల్లి గిన్నె నోట కరుచుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఎందుకు పెట్టడం లేదో దానికి ఎలా చెప్పను? మత్తు సూది పడ్డాక నా చేతిలో తల వాలిపోయింది, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మత్తులో కుక్కలు కళ్లు మూయవని, ఎండిపోకుండా మందు రాస్తామని చెప్పారు. ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత బెదిరేదాన్ని కాదు.

గడ్డ ఒక్కటే తీయలేదు. ఆ పక్క చివరి రెండు చన్నులూ, గజ్జల్లో బిళ్లా, గర్భసంచీ కూడా తీసేశారు. తీసిన ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి పరీక్షకి పంపారు. దానికి విడిగా డబ్బు కట్టాలి. గడ్డ పోయిందిగా, ఇంకెందుకని చాలామంది ఇక్కడే ఆపేస్తారట. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా లేదా అన్నది ఆ పరీక్షలోనే కదా తేలేది!

ఇంటికొచ్చాక అసలు కష్టం. గజ్జల దగ్గర్నుంచి పొట్ట సగం దాకా కుట్లు. చర్మం కింద నీరు చేరి ఉబ్బింది, మళ్లీ తీసుకెళ్తే సూదితో లాగారు. మెడకు ప్లాస్టిక్ కోన్ తగిలిస్తే ప్రతి గుమ్మానికీ కొట్టుకునేది. అది తీసేసిన కాసేపట్లోనే కుట్లు కొరుక్కోబోయేది. మా వారి పాత బనీనుకి వెనక కాళ్లకు కన్నాలు కోసి తొడిగాను. రాత్రిళ్లు పక్కనే చాప వేసుకుని, అది నాకబోతే చెయ్యి అడ్డం పెట్టాను. మా అత్తయ్యగారు కుక్కని వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆవిడే పెరుగన్నం మెత్తగా పిసికి, మాత్ర అందులో దాచి, వేలితో నోటికి అందించారు.

రిపోర్టు వచ్చింది: క్యాన్సరే. అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయించమన్నారు. మొన్న తీయించింది కూడా బాగానే ఉంది. కానీ నిన్న తడుముతుంటే రెండో పక్క ముందు చన్ను దగ్గర ఇంకో పలుకు తగిలింది. కొలిచాను, సెంటీమీటరు కూడా లేదు. సోమవారం గన్నవరం వెళ్తున్నాం.