మీరు ఆలస్యంగా వచ్చారు

ఆస్టిన్‌కి ఉద్యోగానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి నెలలోనే ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది. "అబ్బే, ఆలస్యంగా వచ్చారండీ. ఈ ఊరు ఒకప్పుడు ఇలా ఉండేది కాదు." ఆ ఒకప్పుడు ఎప్పుడయ్యా అంటే, సరిగ్గా ఆయన ఈ ఊరొచ్చిన సంవత్సరం చెబుతాడు! 1995లో వచ్చినవాడికి 1995, 2008లో వచ్చినవాడికి 2008. ఇంకా పాతకాపుల్ని కదిపితే 1980 డిసెంబరు 31 రాత్రితోనే అంతా అయిపోయిందంటారు. "మా రోజుల్లో పాటలంటేనా..." అని మొదలుపెట్టే మన బాబాయిల బాపతే అనుకుని నేనూ మొదట్లో పట్టించుకోలేదు.

మా టీములో టెస్టింగ్ చేసే ఒకాయన ఉన్నాడు. పగలు బగ్గులు వెతుకుతాడు, రాత్రి పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తాడు. ఆయన లెక్కలో అసలు ఉద్యోగం రాత్రిదే, పగటిది ఇన్సూరెన్సు కోసం. ఇరవై ఏళ్లుగా సౌత్ ఆస్టిన్‌లో ఒకే అద్దింట్లో ఉండేవాడు. 2022లో ఓనరు స్థలం అమ్మేశాడు. పాత ఇల్లు పడగొట్టి అదే జాగాలో రెండు కొత్తవి లేపారు. ఈయన ముప్పై మైళ్ల అవతల లాక్‌హార్ట్‌కి మారాడు. వారానికి మూడు రాత్రులు వాయించే మనిషి ఇప్పుడు నెలకి రెండుసార్లు వాయిస్తున్నాడు. అర్ధరాత్రి దాటాక సామాను సర్దుకుని, అంతదూరం కారు నడుపుకుంటూ వెళ్లి, మళ్లీ పొద్దున్నే తొమ్మిదికి స్టాండప్ మీటింగంటే ఎవరివల్ల అవుతుంది? ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. కానీ ఆ రెండు కొత్త ఇళ్లలో ఒకటి కొన్నది మా ఆఫీసువాడే. అప్పట్నుంచీ నాకీ విషయం మీద ఆసక్తి పెరిగింది. నిజంగా ఏం మారింది? ఎవరివల్ల మారింది?

పాతకాపులు చెప్పే ఆ డిసెంబరు 31 సంగతి ముందు చూద్దాం. 1970లో ఎడ్డీ విల్సన్ అనే ఆయనా, స్నేహితులూ కలిసి నేషనల్ గార్డు వాళ్లు ఖాళీ చేసిన పాత షెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని ఆర్మడిల్లో వరల్డ్ హెడ్‌క్వార్టర్స్ అని పేరు పెట్టారు. కుర్చీలు కూడా సరిగ్గా లేవు, జనం నేలమీద తివాచీ ముక్కలు పరుచుకుని కూర్చునేవారు. 1972లో విల్లీ నెల్సన్ అక్కడ పాడినప్పుడు ఓ విచిత్రం జరిగింది. పొడుగు జుట్టు హిప్పీలూ, కౌబాయ్ టోపీల వాళ్లూ ఒకే హాల్లో కూర్చుని ఒకే పాట విన్నారు. బయట కనిపిస్తే కొట్టుకునే జనం మరి! ఆస్టిన్ సంగీతం అని ఇవాళ అందరూ చెప్పుకునేది చాలావరకూ ఆ కలయికలోంచే వచ్చింది.

అయితే అది ఎలా కుదిరిందన్నది ఎవరూ అంతగా చెప్పరు. అప్పటికి ఊరి జనాభా రెండున్నర లక్షలు. పక్కనే యూనివర్సిటీ, వేలకొద్దీ విద్యార్థులు. 1973లో టెక్సాస్‌లో తాగే వయసు 18కి తగ్గించారు. అన్నిటికంటే ముఖ్యం, అద్దెలు చవక. వారంలో రెండు రోజులు పనిచేసి మిగతా ఐదు రోజులు గిటార్ వాయించుకున్నా బతుకు గడిచేది. 1980 ఆఖరి రాత్రి కచేరీతో ఆర్మడిల్లో మూతపడింది. ఆ స్థలంలో 13 అంతస్తుల ఆఫీసు భవనం లేచింది.

అక్కడితో కథ అయిపోయిందా అంటే, లేదు. 1980ల చివర్లో టెక్సాస్ రియల్ ఎస్టేట్ కుప్పకూలింది. బ్యాంకులు మునిగాయి, డౌన్‌టౌన్‌లో బిల్డింగులకి బిల్డింగులే ఖాళీ. ఊరంతా ఏడుస్తుంటే బ్యాండులకి మాత్రం రిహార్సలుకి చోటు దొరికింది! రిచర్డ్ లింక్‌లేటర్ 23 వేల డాలర్లతో తీసిన 'స్లాకర్' సినిమాలో కనిపించేది ఆ ఊరే. ఏ పనీ లేకుండా వీధుల్లో తిరుగుతూ కబుర్లు చెప్పుకునే జనం. ఖాళీగా తిరగడానికి కూడా అద్దె తక్కువుండాలి మాస్టారూ :)

సౌత్ బై సౌత్‌వెస్ట్ మొదలైంది కూడా 1987లో, ఆ రోజుల్లోనే. 1991లో నగరపాలక సంస్థ 'ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధాని' అన్న బిరుదు తనకి తానే తగిలించుకుంది. నాకు అర్థమైనంతలో అసలు మలుపు ఇక్కడే. అప్పటిదాకా సంగీతం ఊళ్లో ఉండేది. అప్పట్నుంచీ ఊరి ప్రకటనలో ఉంది. ఆ ప్రకటన చూసే కంపెనీలొచ్చాయి, కంపెనీల వెనకాల మనమొచ్చాం.

ఇప్పుడు మనకి కాస్త గుచ్చుకునే కథ. సెకండ్ స్ట్రీట్‌లో లిబర్టీ లంచ్ అని ఒక క్లబ్బు ఉండేది. ఆర్మడిల్లో పడగొట్టినప్పుడు దాని పైకప్పు సామాను తెచ్చి దీనికి వేశారట. స్థలం నగరానిది. 1999లో నగరం ఆ చోటుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌కి ఇచ్చేసింది. ఏ కంపెనీ అనుకున్నారు? హైదరాబాదులో మనవాళ్లు చాలామంది పనిచేసిన సీఎస్సీయే! ఆ జూలైలో 'గ్లోరియా' అనే ఒకే ఒక్క పాటని ఇరవైనాలుగు గంటలపాటు ఆపకుండా వాయించి ఆ క్లబ్బుకి వీడ్కోలు చెప్పారు. మన అఖండ భజన లాగన్నమాట. తమాషా ఏమిటంటే 2017లో సీఎస్సీ కూడా వేరే కంపెనీతో కలిసి డీఎక్స్‌సీ అయిపోయింది. క్లబ్బూ లేదు, ఆ పేరూ లేదు. స్థలం మాత్రం అక్కడే ఉంది, ఖరీదు పెరుగుతూ.

ఆ మరుసటేడు, 2000లో, రెడ్ వాసెనిక్ అనే లైబ్రేరియన్ నోటినుంచి 'కీప్ ఆస్టిన్ వియర్డ్' అన్న మాట వచ్చింది. ఈ ఊరి తిక్కని ఇలాగే ఉండనివ్వండర్రా అని. కొన్నాళ్లకి ఒక టీషర్టుల కంపెనీ దాన్ని ట్రేడ్‌మార్కు చేసుకుంది. హతవిధీ!

ఇలాగని తప్పంతా ఐటీవాళ్లదే అంటే నేనొప్పుకోను. ఐ-35 హైవేకి తూర్పున విక్టరీ గ్రిల్ ఉంది, 1945లో మొదలైంది. బీబీ కింగ్ లాంటివాళ్లు వాయించిన చోటు. 1928 నగర ప్రణాళికతో ఆఫ్రికన్ అమెరికన్లని తూర్పువైపుకి నెట్టింది ఈ నగరమే. తర్వాత ఆ తూర్పు కూడా ఖరీదై వాళ్లు ఊరు దాటాల్సి వచ్చింది. "మా రోజుల్లో..." అని నిట్టూర్చేవాళ్ల జ్ఞాపకాల్లో ఈ వీధి ఎక్కువగా తగలదు. కొత్త అపార్టుమెంట్లు కట్టొద్దని గోలపెట్టినవాళ్లూ పూర్తిగా రైటు కాదు. 2022 తర్వాత వేలకొద్దీ అపార్టుమెంట్లు పూర్తయ్యాకే ఇక్కడ అద్దెలు తగ్గాయి. మా గిటార్ ఆయనకి ఆ తగ్గుదల రెండేళ్లు లేటుగా వచ్చిందంతే.

మన ఊళ్లో రామాలయం అరుగుమీద శనివారం భజన తరతరాలుగా ఎందుకు నడుస్తోంది? పాడేవాళ్లంతా ఘంటసాలలని కాదు. ఆ అరుగుకి ఎవరూ అద్దె అడగరు కాబట్టి. నెలకి యాభై వేలు కట్టమనండి, వచ్చే శనివారం తాళాలు వినిపించవు. సంగీతం పోయిందని బాధపడేవాళ్లు ముందు అరుగు ఎవరిదో చూడాలి.

ఈ నగరానికి అది కొంచెం ఆలస్యంగానైనా అర్థమవుతున్నట్టుంది. 2005 నుంచి హామ్ అనే సంస్థ సంగీతకారులకి వైద్యం అందేలా చూస్తోంది. 2019లో హోటళ్ల పన్నులోంచి లైవ్ మ్యూజిక్ ఫండ్ పెట్టారు. మంచిదే, కాదనను. కానీ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో పెట్టిన నియమం నాకు ఇంకా నచ్చింది. క్లబ్బు పక్కన కొత్తగా ఇళ్లు కట్టేవాడే శబ్దం రాకుండా గోడలు కట్టుకోవాలి. ముందునుంచీ ఉన్నవాడు నోరు మూసుకోనక్కర్లేదు.

మనవాళ్లలో చాలామంది రౌండ్ రాక్‌లోనో సీడర్ పార్క్‌లోనో ఉంటాం. ఇండియానుంచి చుట్టాలొస్తే సిక్స్త్ స్ట్రీట్ ఒకసారి చూపించి, ఫోటోలు దిగి వచ్చేస్తాం. ఊరి పేరు చూసి వచ్చాం, దాని ఖరీదు పెంచాం, పాట మాత్రం వినం. ఇది నాకు నచ్చలేదు. సౌత్ లమార్‌లో 1964 నుంచీ నడుస్తున్న బ్రోకెన్ స్పోక్ ఉంది, చుట్టూ అపార్టుమెంట్లు లేచినా కదల్లేదు. వెళ్లండి. టికెట్టు డబ్బులు మన వీకెండ్ బిర్యానీ ఖర్చుకంటే ఎక్కువేం కాదు. డబ్బా తిప్పినప్పుడు ఫోన్లోకి చూడకుండా ఓ పది డాలర్లు వెయ్యండి. ఎవరైనా క్లబ్బు పక్కనే ఫ్లాటు కొని, తర్వాత శబ్దం ఎక్కువని పిటిషన్ పట్టుకొస్తే మాత్రం సంతకం పెట్టకండి. అది కొనక్కముందే వినబడుతోంది కదా!