మాఘం ముహూర్తాలకు ముస్తాబు

రండి రండి. చెప్పులు బయటే వదిలేయండి. కొత్త తలుపుకి మాత్రం చేయి ఆనించకండి, పాలిష్ ఇంకా ఆరలేదు. ధనుర్మాసం వచ్చిందంటే మన వీధి సంగతి మీకు తెలిసిందేగా! తెల్లవారకముందు ముగ్గుపిండి, తెల్లవారాక రంపప్పొట్టు. పుష్యమాసంలో గృహప్రవేశాలు పెట్టుకోరు కాబట్టి మాఘంలో ముహూర్తం కుదుర్చుకున్నవాళ్లందరి ఇళ్లలోనూ ఇప్పుడే పని ముమ్మరం. వడ్రంగి మేస్త్రీ ఫోన్ ఎత్తలేదంటే ఎక్కడో బందులు బిగిస్తున్నాడన్నమాట, కంగారుపడకండి.

ముందు మన అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తుకి పదండి, అక్కడి వంటిల్లు చూసి తీరాలి. ఆ ఇంటికి వచ్చిన డిజైనరమ్మాయి మన ఊరి పిల్లే. మొదటి రోజు బొమ్మల పుస్తకమేదీ తేలేదు, ఒక్క టేపు తెచ్చుకుంది. వస్తూనే "పెద్దమ్మగారూ, మీ ఆవకాయ జాడీ ఓసారి బయటికి తీయండి" అని దాని ఎత్తు కొలిచింది. తర్వాత గ్రైండరు, ఆ తర్వాత దోసె పెనం పిడి, ఆఖరికి బియ్యం బస్తా. ఇప్పుడు చూడండి, జాడీకి అడుగున లోతైన సొరుగు; లాగితే చాలు, ఎత్తక్కర్లేదు. గ్రైండరు ఉన్న అర ముందుకి జరుగుతుంది, పిండి రుబ్బి మళ్లీ లోపలికి తోసేయొచ్చు. ఇదే అపార్ట్‌మెంటులోని మరో ఇంట్లో అచ్చం సినిమాలో లాంటి వంటిల్లు కట్టించుకున్నారు, చాలా అందంగా ఉంది. జాడీలు మాత్రం ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయి. మన ఇళ్లలో ఏం వండుతారో, ఏం దాస్తారో తెలిసినవాళ్లు గీసిన గీత వేరు. నేనైతే ఆ సొరుగు నాలుగుసార్లు లాగి చూసి వచ్చాను.

ఇక ఆ నాలుగో అంతస్తు ఇంటి హాల్లోని భోజనాల బల్ల దగ్గర కాసేపు ఆగండి. అది ఒకప్పుడు వాళ్ల తాతగారి పెంకుటింటి వీధి తలుపు. ఇల్లు పడగొట్టేటప్పుడు పాత సామాన్లవాళ్లకి ఇచ్చేయబోతే మన మేస్త్రీ వద్దని పట్టుబట్టాడట. అన్నేళ్లు ఎండనీ వాననీ చూసిన టేకు ఇక వంకర పోదు, బీటలు వారదు, అలాంటి కర్ర కొనాలన్నా దొరకదు అంటాడు. చిత్రిక పట్టి పైపొర తీశాడు, గొళ్లెం ఉన్న చోటు మాత్రం పూడ్చలేదు. ఆ గుంటలో వేలు పెట్టి పిల్లలు అన్నం తింటున్నారు.

అన్నట్టు, పిల్లల గదిలో సొరుగులకి ఎర్రగా, పచ్చగా మెరుస్తున్న పిడులు చూశారా? ఏటికొప్పాకవి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. రంగులు చెట్లూ వేర్లూ గింజలూ ఇచ్చినవే; ఆఖర్న మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంటికి ఇంతకంటే ఏం కావాలి?

పక్కింటికి మాత్రం దీపాలు పెట్టాక వెళ్లాలి. భోజనాల బల్ల మీద వేలాడే దీపానికి నిమ్మలకుంట తోలు తొడుగు. ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో తరతరాలుగా తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలుని వెలుతురు దాటేంత పలచగా చేసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు. ఒకప్పుడు రాత్రంతా రామాయణం ఆడిన ఆ చిల్లులే ఇప్పుడు గోడ మీద చుక్కలు పరుస్తున్నాయి. ఆటలు తగ్గాక ఆ చేతులు దీపాల వైపు మళ్లాయి. దీపం వేసి కూర్చుంటే ఆ ఇంట్లో టీవీ పెట్టాలనే ధ్యాసే ఉండదు.

ఆ ఇంటి కర్టెన్లు పెడన కలంకారీ. పేరుకి కలమే గానీ పెడనలో వేసేది చెక్కిన టేకు అచ్చులతో. కలం పట్టి గీసేది శ్రీకాళహస్తిలో. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు, అప్పుడే రంగు పారిపోకుండా నిలుస్తుంది. నల్లరంగు తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి ఊరబెడితే వస్తుంది. మొదటి ఉతుకులో కాస్త వాసన వస్తుందని మొహం చిట్లించకండి, అన్ని నీళ్లు దాటి వచ్చిన గుడ్డ అది.

ఇక నేల సంగతి. మన తాండూరు బండలూ కడప బండలూ కొన్నాళ్లు మెట్ల కిందకీ పెరట్లోకీ పోయాయి. ఇప్పుడు నున్నగా పాలిష్ పట్టించుకుని మళ్లీ హాల్లోకి వస్తున్నాయి. వేసవి మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకున్నవాళ్లకి ఆ చల్లదనం చెప్పక్కర్లేదు. బండలు పరిచే మేస్త్రీ బొటనవేలితో తడిమే సందు ఎంతో సమంగా కుదురుతుంది, వంగి చూడండి.

కడియం నర్సరీల నుంచి బంతి, చామంతి కుండీలు కూడా దిగుతున్నాయి. వరండాలు నిండాయి, నడవడానికి దారే లేదు!

ఒక్క మాట మాత్రం మనసులో ఉంచుకోలేను. పెద్ద దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మాట్లాడకుండా ఇచ్చేవాళ్లం, సంతలో నేల మీద పరిచిన కొండపల్లి ఎడ్లబండి దగ్గరికి వచ్చేసరికి సగానికి అడుగుతాం. తెల్లపొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, ఎద్దుని ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, వెంట్రుకంత సన్నని కుంచెతో కన్ను దిద్దారు. ఈసారి అడిగిన ధర ఇచ్చి, ఏ ఊరు, ఎవరు చేశారు అని కూడా అడగండి. చెప్పేటప్పుడు వాళ్ల మొహం చూడండి.

అన్నట్టు, మూడో అంతస్తు పాప బొమ్మల కొలువు సంగతి మరిచిపోయేదాన్నే. బొమ్మలకి మూడు మెట్లు చాలనుకుంది. మన మేస్త్రీ వంటింటి పనిలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలన్నీ ఏరి, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, పైసా తీసుకోకుండా ఐదు మెట్లు చేసి పెట్టాడు. అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది మరీ ఇచ్చాడు. పై మెట్టు మీద దశావతారాలు, అడుగున కొండపల్లి ఊరంతా. భోగి నుంచి పేరంటం, శనగలు నానబోస్తున్నారు. మీరూ రండి. మేస్త్రీని కూడా పిలిచింది, కొత్త చొక్కా వేసుకుని వస్తానన్నాడట.