గెడ్డలో తూటికూర

మా ఊరి సంత గెడ్డ ఒడ్డునే జరుగుతుంది. సంత మర్నాటికి కవర్లు, షాంపూ పాకెట్లు, టీ కప్పులు నీళ్లలోకి దిగిపోతాయి. ఆ దిగువన నీరు నిలిచేచోట తూటికూర అల్లుకుని ఉంటుంది. మా చిన్నత్త ఇప్పటికీ అక్కడే కోసుకొస్తుంది. ఈ చెత్తలో కోస్తున్నావేంటని అడిగితే, "ఆకు పచ్చగానే ఉంది గదరా, దీనికేటైంది?" అంటుంది.

బళ్లో మనం "ప్లాస్టిక్ కుళ్లదు" అని చెప్పి ఊరుకుంటాం. అది సగం పాఠమే. కుళ్లదు గాని చితుకుతుంది. ఏడాదిపాటు ఎండలో పడి ఉన్న యూరియా సంచిని పట్టుకుని చూడండి, దారాలు పెళుసుబారి పొడిగా చేతికొస్తాయి. 5 మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. కవరునైతే ఏరగలం, ఆ పొడిని ఎవరు ఏరతారు? వానకి గట్టు మీంచి గెడ్డలోకి, గెడ్డలోంచి బురదలోకి, మొక్కల వేళ్ల దగ్గరికి చేరుతుంది.

నిలవ నీళ్లమీద చిట్టి ఆకులతో పచ్చగా పరుచుకునే మొక్క ఒకటుంది. బాతులు ఇష్టంగా తింటాయి. శాస్త్రంలో దాని పేరు లెమ్నా. స్లొవేనియా పరిశోధకులు ముఖం రుద్దుకునే సరుకుల్లోని పాలిథిన్ రేణువులను ఆ మొక్క పెరిగే నీటిలో కలిపి చూసి, 2017లో ఫలితాలు ప్రకటించారు. ఆకుల పెరుగుదల తగ్గలేదు. పత్రహరితమూ తగ్గలేదు. వేరు మాత్రం పొట్టిదైపోయింది. అంచులు పదునుగా ఉన్న రేణువుల వల్ల వేరు కణాలు కూడా దెబ్బతిన్నాయి. నున్నటి రేణువుల వల్ల అంత హాని కనిపించలేదు. ఆకులు లెక్కపెట్టి ఆగిపోయి ఉంటే వాళ్లూ మా అత్త మాటే అనేవారు.

2019లో ఐర్లాండులో చేసిన మరో పరిశోధనలో లెమ్నా పెరుగుదల తగ్గనే లేదు. కానీ రేణువులు మొక్కకి అంటుకుపోయాయి. ఆ మొక్కను తిన్న రొయ్యలాంటి చిన్న జీవి కడుపులోకి అవీ వెళ్లాయి.

ఈ రెండూ పిల్లలకు చెప్పాలి. భయపెట్టేది ఒక్కటే ఏరుకుని చెబితే అది సైన్సు కాదు. ప్రయోగశాలలో కలిపే మోతాదు మామూలుగా వాగుల్లో ఉండేదానికన్నా చాలా ఎక్కువ. లెమ్నాకి జరిగింది తూటికూరకి అంటగట్టి మా అత్తను కూర మానిపించాననుకోండి, ఆవిడ సంతలో వేరే కూర కొని కవర్లోనే తెచ్చుకుంటుంది!

లెమ్నాతో ఒక సుఖం ఉంది. ఒక్కో ఆకుకి ఒక్కటే వేరు, స్కేలు పెట్టి కొలవొచ్చు. మా 7వ తరగతి పిల్లలు రెండు గాజు సీసాల్లో దాన్ని పెంచుతున్నారు. రెంటిలోనూ గెడ్డ నీరే, ఒకదాంట్లో మాత్రం యూరియా సంచి పొడి కలిపాం. రోజూ ఆకులు లెక్కపెడతారు, పదో రోజున వేళ్లు కొలుస్తారు. మీ బళ్లో చేస్తే ఆ నీటిని చివర్లో గుడ్డతో వడగట్టండి, నేరుగా గెడ్డలో పారబోయకండి.

అడ్డాకు విస్తరి కుట్టే చేతులు మనవి. ఆ ఆకులు మైదానానికి అమ్మి, మన పెళ్లిళ్లకు ప్లాస్టిక్ పూతపూసిన ప్లేట్లు కొంటున్నాం. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు దేశమంతా నిషేధమే అయినా సంతలో అడిగితే ఇస్తారు. అమ్మేవాడు ఎక్కడినుంచో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాడు. చెత్త మన గెడ్డకి మిగులుతుంది. ఆశీలు వసూలు చేసేవాళ్లున్నారు గాని మర్నాడు ఊడ్చేవాళ్లు లేరు.

1996 నాటి పెసా చట్టం గ్రామ సంతల నిర్వహణ అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. ఈ సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు, చదువుకున్న కుర్రాళ్లకు కూడా. ఆశీలు డబ్బులోంచి సంత ఊడ్చే మనిషికి కూలి ఇవ్వాలని, ప్లాస్టిక్ ప్లేట్లు అమ్మే దుకాణానికి చోటివ్వకూడదని వచ్చే గ్రామసభలో అడగబోతున్నాం. పిల్లలు వేళ్ల కొలతలు రాసిన నోటుపుస్తకం తెస్తామన్నారు. సీసాలు కూడా తెమ్మన్నాను.