కుందేలు రొంప: ఏ సూక్ష్మజీవి, ఏ వర్గం?

కుందేళ్లకు రొంప పట్టించే సూక్ష్మజీవుల్లో ముందు చెప్పుకోవలసింది పాశ్చురెల్లా మల్టోసిడా. చోడవరం దగ్గర చూసిన ఒక పెంపకం షెడ్డులో న్యూజిలాండ్ వైట్ కుందేలు ముందుకాళ్ల లోపలి బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది. కారే ముక్కును కాళ్లతోనే తుడుచుకుంటుంది కాబట్టి రోగం జాడ మొదట అక్కడే దొరుకుతుంది. పక్క బోనులోని కుందేలు మెడ ఒక వైపుకు వాలిపోయింది. సూక్ష్మజీవి చెవి లోపలికి చేరితే ఇలా అవుతుంది.

అయితే తుమ్మే ప్రతి కుందేలుకూ పాశ్చురెల్లానే ఉందనలేం. బోర్డటెల్లా బ్రాంకిసెప్టికా, స్టాఫిలోకోకస్ కూడా ఆ ముక్కులోనే ఉండవచ్చు. తేల్చవలసింది పశువ్యాధి నిర్ధారణ ల్యాబే. అక్కడ ముక్కు స్వాబ్‌ను గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ మీద రాసి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. మర్నాటికి కాలనీలు లేస్తాయి. పాశ్చురెల్లా మాకాంకీ అగార్ మీద పెరగదు, ఇండోల్ పరీక్షకు రంగునిస్తుంది, యూరియాను విడగొట్టదు. బోర్డటెల్లా తీరు ఈ మూడింటిలోనూ దానికి వ్యతిరేకం. ఈ దశలో పొరపాటు జరిగితే తర్వాతి పనంతా వృథా.

జాతి తేలాక వర్గం తేల్చాలి. శాస్త్రవేత్త జి.ఆర్. కార్టర్ 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం, సూక్ష్మజీవి పైపొరను బట్టి ఏ, బి, డి, ఈ, ఎఫ్ అనే ఐదు వర్గాలున్నాయి. కుందేళ్లలో ఎక్కువగా ఏ, కొంతవరకు డి దొరుకుతాయి. ఏ వర్గాన్ని పట్టే పాత పరీక్ష కళ్లారా చూడదగ్గది. పాశ్చురెల్లా గీతలకు అడ్డంగా స్టాఫిలోకోకస్ ఆరియస్‌ను ఒక్క గీత గీస్తారు. అది వదిలే ఎంజైమ్ ఏ వర్గపు పొరలోని హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించేస్తుంది. దాంతో ఆ గీతకు దగ్గరున్న కాలనీలు కుంచించుకుపోతాయి, దూరంగా ఉన్నవి జిగటగా, నీటిబొట్లలా ఉబ్బి ఉంటాయి. ఇప్పుడు ఇదే పని పీసీఆర్ చేస్తోంది. 460 బేస్ జతల డీఎన్‌ఏ పట్టీ జాతిని, 1044 పట్టీ ఏ వర్గాన్ని, 657 పట్టీ డి వర్గాన్ని చెబుతాయి. ఇంకా లోతుకు వెళ్లాలంటే హెడిల్‌స్టన్ పద్ధతిలో 16 సీరోటైపులు, ఏడు జన్యువుల క్రమాన్ని పోల్చే ఎంఎల్‌ఎస్‌టీ ఉన్నాయి.

ఈ వర్గీకరణ రైతుకు నేరుగా అక్కరకొచ్చేదే. వానలకు ముందు గేదెలకు టీకా వేయించే గొంతువాపు వ్యాధికీ కారణం ఈ జాతే. మన దేశంలో దానికి మూలం బి వర్గం. కాబట్టి ఆ టీకా కుందేళ్లను కాపాడుతుందని నమ్ముకోవడం తప్పు. అమాక్సిసిలిన్ వంటి మందులను నోటి ద్వారా ఇవ్వడం అంతకన్నా ప్రమాదం: పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలతో కుందేలే పోతుంది. రొంప కనిపించగానే కుందేలును వేరు చేయండి. మందు వేయకముందే పశువైద్యుడితో స్వాబ్ తీయించి, ఐస్ డబ్బాలో ల్యాబుకు పంపండి.