ఆరో కితాబు, ఎనిమిదో కితాబు

మా అబ్బాజాన్ నల్గొండలో దర్జీ. మెడలో టేపు వేలాడుతుండేది గానీ, మనిషిని ఒక్క నజర్ చూసి ఛాతీ ఎన్ని అంగుళాలో చెప్పేసేవారు. ఆ అందాజ్ ఆలస్యంగానైనా నాకూ కొంచెం అబ్బింది. కుట్టుపనిలో కాదు. లెస్టర్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద, వార్‌హామర్ ఆటలో.

తెలియని దోస్తుల కోసం: ఇది 1983లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆట. వేలెడంత బొమ్మల ఫౌజు, పాచికలు, టేపు, లావాటి రూల్స్ కితాబు. కొన్నేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది, పాత ఖానూన్ రద్దు. 4, 5 ఎడిషన్లలో ఒక్క హీరోకి జాదూ కత్తి ఇస్తే చాలు, సిపాయీలంతా బేకార్. 2000లో వచ్చిన ఆరోది వాళ్ల ఇజ్జత్ వాళ్లకి తిరిగిచ్చింది. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు.

ఆరో దాంట్లో దూరం ముందుగా కొలవకూడదు. మామూలు మనిషి బొమ్మ 4 అంగుళాలు నడుస్తుంది, హమ్లా అయితే 8. కళ్లతో చూసి, హమ్లా అని చెప్పాకే టేపు తీయాలి. ఎనిమిదిన్నర ఉందా, నీ దళం దారి మధ్యలో దుష్మన్ ముందు నిలబడిపోతుంది. అందితే మాత్రం మొదటి దెబ్బ నీదే. పడిపోయినవాళ్ల చోట వెనకవాళ్లు ఆ రౌండులో తిరిగి కొట్టలేరు. అంటే సగం జంగ్ కళ్లతోనే అయిపోయేది. ప్రతి శనివారం నేను గెలిచేవాణ్ణి, వాడు ఓడేవాడు. దాన్ని నేను తాలీమ్ అనుకున్నాను.

2010లో ఎనిమిదోది వచ్చింది. ఎప్పుడైనా కొలుచుకోవచ్చు. హమ్లాకి ఆ 4కు రెండు పాచికలు కలపాలి, అంటే 6 నుంచి 16 దాకా కిస్మత్. ముందువాడు పడితే వెనకవాడు అడుగు ముందుకేసి కొడతాడు. నాకు మండింది. హునర్‌ని పాచికలకి అమ్మేశారన్నాను. (దాని జాదూని నేటికీ ఒప్పుకోను. ఒక్క పెద్ద మంత్రం పడితే సగం దళం గాయబ్.)

"నీ కళ్లు నాకు రాలేదు అబ్బా, అది నా కసూరా?" అన్నాడు వాడు, తలెత్తకుండా.

జవాబు చెప్పలేకపోయాను. పదిహేనేళ్లప్పుడు దుకాణంలో షేర్వానీ చేయి కొలవడానికి నేను టేపు అడిగితే, దర్జీ కొడుక్కి టేపెందుకురా అని గిరాకీల ముందు నవ్వారు అబ్బాజాన్. చదువు బహానాతో దుకాణం వదిలింది అందుకే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వాడికీ చెప్పలేదు.

2015లో కంపెనీ ఆ దునియానే ఖతం చేసి, నాలుగు పేజీల రూల్స్‌తో కొత్త ఆట తెచ్చింది. 2024లో ఓల్డ్ వరల్డ్ పేరుతో పాత దునియాని మళ్లీ లేపింది. అది కొందామా అని ఫోన్‌లో అడిగాను. వద్దు, సెలవులకి వచ్చినప్పుడు ఆరో కితాబే ఆడదామన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: టేపు మొదటినుంచీ టేబుల్ మీదే ఉండాలట.